కొసలు లేని డి.ఎన్.ఏ., చచ్చిపోని ఎంజైము

1996 జూన్‌లో నన్ను నారాయణగూడలోని ఒక ప్రైవేటు మహిళా కళాశాలలో మైక్రోబయాలజీ రీడర్‌గా తీసుకున్నారు. రీడర్ అంటే లెక్చరర్‌కు పైన, ప్రొఫెసర్‌కు కింద. పని ప్రొఫెసర్‌తో సమానంగా ఉంటుంది, మాట చెల్లుబడి లెక్చరర్‌తో సమానంగా ఉంటుంది. ఎమ్మెస్సీ అమ్మాయిల కోసం కొత్తగా పెట్టిన మాలిక్యులర్ బయాలజీ ల్యాబుకు నన్ను ఇన్‌ఛార్జిని చేశారు. ల్యాబు అంటే రెండో అంతస్తులో అంతకుముందు సంగీతం క్లాసు జరిగిన గది. తంబూరాలు తగిలించిన మేకులకు మేం ఏప్రన్లు తగిలించుకున్నాం.

ఈమధ్య స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాక, మీ ల్యాబుల్లో అసలేం జరుగుతుందని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. పెద్దగా ఏమీ జరగదు. రంగులేని నీళ్ళను ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టంలోకి పోస్తుంటాం. ఒక్కసారి మాత్రం, ఒక బాక్టీరియా డి.ఎన్.ఏ. కొసలు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా అన్నదాని మీద ఒక మనిషి ఉద్యోగం ఆధారపడింది. ఆ సంగతి చెబుతాను.

మా విభాగాధిపతి ప్రసాదరావు గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడినవారు. సూక్ష్మజీవుల వర్గీకరణలో గట్టి మనిషి. సూక్ష్మదర్శినిలో ఒకసారి చూసి బాక్టీరియా ఇంటిపేరు, గోత్రం చెప్పగలరు. డి.ఎన్.ఏ. మీద ఆయనకున్న అభ్యంతరం ఒక్కటే, అది సూక్ష్మదర్శినిలో కనిపించదు.

ల్యాబ్ అటెండర్ యాదగిరి. భార్యతో, ఇద్దరు పిల్లలతో ముషీరాబాద్‌లో కిరాయి గదిలో ఉండేవాడు. ఏళ్ళ తరబడి టెంపరరీ. కరస్పాండెంట్ గారు, అంటే కాలేజీ నడిపే సొసైటీ తరఫున సంతకాలు పెట్టే పెద్దమనిషి, ఎట్టకేలకు అతన్ని పర్మనెంట్ చేసే ఫైలు తెప్పించుకున్నారు. కమిటీ 1998 జనవరిలో కూర్చోవాలి. నేను చెప్పేది దానికి ముందటి డిసెంబరు సంగతి.

ముందు ఆ గది గురించి ఒక మాట. మా దగ్గరున్న వస్తువుల్లో ఖరీదైనది మైనస్ ఇరవై డిగ్రీల ఫ్రీజర్. అందులో ఎంజైములు ఉండేవి. అవి బెంగళూరు నుంచి థర్మోకోల్ పెట్టెలో, గడ్డకట్టిన మంచు మధ్య పెళ్ళికూతుళ్ళలా వచ్చేవి. వేడి తగిలితే ఎంజైము పనిచేయదు. ల్యాబు భాషలో దాన్ని చచ్చింది అంటారు. ఇక గదిలో పెద్ద ప్లగ్గు పట్టే సాకెట్ ఒక్కటే పనిచేసేది. రెండోది వేయించమని నేను రాస్తే, సంగీతం గదికి ఒకటి చాలునని ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. అందుకని రోజూ పదకొండింటికి యాదగిరి ఫ్రీజర్ ప్లగ్గు తీసి, హాట్‌ప్లేటు ప్లగ్గు పెట్టి, డిపార్ట్‌మెంటు మొత్తానికి చాయ్ కాచేవాడు. కాచాక మళ్ళీ ఫ్రీజర్ పెట్టేవాడు. మూత తీయనంతవరకు ఆ కాసేపటికి ఫ్రీజర్‌కు ఏమీ కాదు. ఈ ఏర్పాటు అందరికీ తెలుసు. చాయ్ అందరూ తాగేవారు. ప్రసాదరావు గారు చక్కెర తక్కువేయమని రోజూ చెప్పేవారు.

ఎమ్మెస్సీ రెండో ఏడాది ప్రాక్టికల్స్‌లో ఒకటి మురుగునీటి నుంచి బాక్టీరియాను వేరుచేయడం. మురుగునీరు సేకరించవలెను అని పుస్తకం ఒక్క మాటలో తేల్చేస్తుంది. మాకు అశోక్‌నగర్ నాలా ఉంది. ఆ ఒక్క వనరు విషయంలో మా కాలేజీ ఏ దేశపు విశ్వవిద్యాలయానికీ తీసిపోదు. యాదగిరి సీసాకు తాడు కట్టి వంతెన మీదినుంచి దించేవాడు. అమ్మాయిలు కొంగుల్తో, చున్నీల్తో ముక్కులు మూసుకుని లేబుళ్ళు రాసేవారు. శైలజ అనే అమ్మాయి ఆ సీసాల్లో దొరికిన బాక్టీరియాలో ప్లాస్మిడ్లు వెతకడం తన ప్రాజెక్టుగా తీసుకుంది. ప్లాస్మిడ్ అంటే బాక్టీరియా క్రోమోజోముకు తోడుగా ఉండే చిన్న డి.ఎన్.ఏ. సాధారణంగా అది గాజులా గుండ్రంగా ఉంటుంది. గాజుకు కొసలుండవు.

కణాన్ని పగలగొట్టి ప్లాస్మిడ్ తీసినప్పుడు, దాంతోపాటు విరిగిన క్రోమోజోము తునకలు కూడా వస్తాయి. వాటిని వదిలించుకోవడానికి ఎక్సోన్యూక్లియేజ్ అనే ఎంజైము కలుపుతాం. అది చెరకు గడను చివర పట్టుకుని నమిలినట్టు డి.ఎన్.ఏ.ను కొసనుంచి తింటూ పోతుంది. తునకలకు కొసలున్నాయి కనక వాటిని తినేస్తుంది. గాజుకు కొస లేదు కనక వదిలేస్తుంది. తర్వాత మిగిలిందాన్ని జెల్ మీద చూస్తాం. జెల్ అంటే సముద్రపు నాచు నుంచి తీసే అగరోజ్ పొడిని కాచి పోత పోసిన మెత్తటి పలక. అందులో కరెంటు పెడితే డి.ఎన్.ఏ. ముక్కలు పొడవును బట్టి ముందువెనకలుగా నడుస్తాయి. రంగు పట్టించి అతినీలలోహిత కాంతిలో పెడితే చారలుగా మెరుస్తాయి. ఆ చారను బ్యాండు అంటాం.

శైలజ ఏడో నంబరు బాక్టీరియాలో ఒక బ్యాండు కనిపించింది. గాజులాంటి ప్లాస్మిడ్ అయితే, జెల్‌ను పలచన చేసినప్పుడూ గట్టి చేసినప్పుడూ పక్కన నడిపే, పొడవు ముందే తెలిసిన కొలత ముక్కలతో పోలిస్తే దాని చోటు మారుతుంది. ఇది మారలేదు. కొలత ముక్కల పక్కనే బుద్ధిగా నడిచింది. అంటే ఇది గాజు కాదు, పుల్ల. పుల్ల అయితే ఎక్సోన్యూక్లియేజ్ తినేయాలి. శైలజ ఆ బ్యాండునే జెల్‌లోంచి కోసి తీసి ఎంజైము కలిపింది, తినలేదు. మళ్ళీ కలిపింది, తినలేదు.

ప్రసాదరావు గారు జెల్ ఫొటో చూసి, ఎంజైము చచ్చింది అన్నారు. ఎందుకు చచ్చిందని ఎవరూ అడగకముందే ఆయన చూపు సాకెట్ వైపు వెళ్ళింది.

ఆయన చెడ్డమనిషి కాదని ఇక్కడే రాయాలి. మా ఆఫీసు పద్ధతి ఒకటుండేది. పాడైన వస్తువు స్థానంలో కొత్తది కావాలంటే, పాడైందని మాత్రం రాస్తే చాలదు, ఎవరివల్ల పాడైందో రాయాలి. పేరు లేకపోతే కాగితం వెనక్కొచ్చేది. శైలజ ప్రాజెక్టు గడువు ముందుంది, కొత్త ఎంజైము కావాలి. ఆయన పేరు రాసేశారు. ఆ ఎంజైమును పనికిరాదని కండెమ్ చేసి డెడ్‌స్టాకు రిజిస్టరులో ఎక్కించారు, డబ్బా మాత్రం ఫ్రీజర్‌లోనే ఉండిపోయింది. అనధికారికముగా తేనీరు కాచుటకై శీతలీకరణ యంత్రమును తరచు నిలుపుదల చేసి విలువైన జీవరసాయనమును నిర్జీవము గావించిన అటెండరుపై తగు చర్య తీసుకొనవలెనని కరస్పాండెంట్‌గారికి ఫిర్యాదు వెళ్ళింది. అంత మంచి తెలుగు ఆయన పాఠం చెప్పేటప్పుడు ఎప్పుడూ వినలేదు.

యాదగిరి మెమో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"చదివినవా?" అన్నాను.

"చదివిన మేడమ్. సగం సమజ్ కాలే. శీతలీకరణ అంటే ఏందో పెద్ద మిషన్ అనుకున్న. ఫ్రిజ్జేనట."

"ప్లగ్గు తీసినవా?"

"తీసిన. అబద్ధమెందుకు చెప్తా? ఆ ఒక్క బోర్డే పనిచేస్తది, చాయ్ ఇంకేడ పెట్టాలె? కానీ మూత తియ్యలే మేడమ్. గా డబ్బా ముట్టనే ముట్టలే." మెమో మడిచి జేబులో పెట్టుకుని, "పర్మనెంట్ కాకపోతే మానె. ఉన్నదే పోతదేమో అని పరేషాన్ అయితున్న. ఇంట్ల ఇంక చెప్పలే," అన్నాడు.

నేను ప్రసాదరావు గారి గదికి వెళ్ళాను.

"సార్, ఎంజైము చచ్చిందని ఎట్ల తెలిసింది?"

"ఎట్లా ఏంటండీ? రెండుసార్లు పెట్టింది ఆ అమ్మాయి. తినలేదు. చచ్చినట్టే కదా."

"తినకపోతే చచ్చినట్టేనా సార్? మా అత్తమ్మ ఏకాదశినాడు మంచినీళ్ళు కూడ ముట్టది. శవమని రాద్దామా?"

"మీతో మాట్లాడితే ఇంతేనండీ. ప్రతిదానికీ అడ్డంపడతారు."

అడ్డంపడటానికి నా దగ్గర కారణం ఉంది. ఏ ప్రయోగానికైనా పక్కన ఒక కంట్రోల్ పెట్టాలి. కంట్రోల్ అంటే జవాబు మనకు ముందే తెలిసిన గొట్టం. ఎంజైము బతికుందో లేదో తేలాలంటే, అది తప్పకుండా తినే డి.ఎన్.ఏ.ను ఒకదాన్ని దానికి పెట్టి చూడాలి. శైలజ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే, ఎంజైము కొంచెమే ఉంది, కంట్రోళ్ళకు వృథా చేయకు అని ప్రసాదరావు గారే చెప్పారు. ఒక్క బొట్టు మిగిల్చి ఒక మనిషిని పోగొట్టుకోబోతున్నాం. ఈ పొదుపు మన దేశపు ల్యాబులన్నిటిలో ఉంది, పాఠ్యపుస్తకాల్లో మాత్రం లేదు.

నాకింకో అనుమానం కూడా ఉంది. విద్యానగర్ దాటి యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళి, బైండు చేసిన జర్నళ్ళు ముందేసుకుని కూర్చున్నాను. దొరికింది. పిడుదు కాటుతో వచ్చే ఒక జబ్బుకు కారణమైన బాక్టీరియాలో ప్లాస్మిడ్లు పుల్లల్లా ఉంటాయి. కానీ వాటి కొసలు తెరిచి ఉండవు. ఈ.కోలై అనే పేగుల బాక్టీరియాలో కాపురముండే ఒక వైరస్ డి.ఎన్.ఏ. కూడా అంతే. డి.ఎన్.ఏ. రెండు పోగుల దారం కదా. వీటిలో కొసకు వచ్చిన పై పోగు ఆగిపోకుండా, జడపిన్ను వంపులా వెనక్కి మళ్ళి కింది పోగుగా సాగుతుంది. రెండు కొసలూ అంతే. రబ్బరు బ్యాండును రెండు వేళ్ళతో సాగదీసి పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా. చూడటానికి పుల్ల, పట్టుకుందామంటే కొస దొరకదు.

ఈ కొసలు మూసేది కూడా ఒక ఎంజైమే. అలాంటి డి.ఎన్.ఏ. తన నకలు తీసుకున్నప్పుడు రెండు కాపీలు కొసల దగ్గర ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఈ ఎంజైము ఆ అతుకు దగ్గర పోగులు కోస్తుంది. కోసి, తెగిన ప్రతి పోగును అవతలి కాపీతో కలపకుండా, తన కాపీలోని జత పోగుతోనే ముడివేస్తుంది. కోసిన చెయ్యే కుడుతుంది కనక తెగిన కొస బయట వేలాడే సందే ఉండదు. అప్పటికి శాస్త్రవేత్తలు దాని పనితనాన్ని చూశారు గానీ పనివాణ్ణి పట్టుకోలేకపోయారు. తర్వాత పట్టుకుని ప్రొటెలోమరేజ్ అనీ, టెలోమియర్ రిజాల్వేజ్ అనీ పేర్లు పెట్టారు. ఆ డిసెంబరులో నా దగ్గరున్నవి ఒక బ్యాండు, ఒక అనుమానం.

ప్రయోగం చేయాలంటే కండెమ్ అయిన ఎంజైమే కావాలి. నిబంధన ప్రకారం, కండెమ్ చేసిన వస్తువును వాడాలంటే ముందు దాన్ని స్టాకులోకి తిరిగి తీసుకోవాలి. తీసుకోవాలంటే అది పనిచేస్తుందని రుజువు చూపాలి. రుజువు చూపాలంటే వాడాలి. నేను వాడేశాను.

శైలజ, నేను నాలుగు గొట్టాలు పెట్టాం. మొదటిది కంట్రోల్, అంటే బజారులో కొన్న, కొసలు తెరిచి ఉన్న వైరస్ డి.ఎన్.ఏ. దానికి చచ్చిన ఎంజైమును కలిపాం. రెండోది మా ఏడో నంబరు డి.ఎన్.ఏ., అదే ఎంజైము. మూడోదానిలో మా డి.ఎన్.ఏ.నే ముందు ఇంకో ఎంజైముతో మధ్యలో కోసి, తెరిచిన కొసలు పుట్టించి, తర్వాత చచ్చిన ఎంజైమును కలిపాం. నాలుగోదానిలో ఎంజైము లేదు. మా డి.ఎన్.ఏ.ను మరగబెట్టి చటుక్కున మంచులో ముంచాం. మరగబెడితే రెండు పోగులు విడిపోతాయి. మామూలు డి.ఎన్.ఏ. అయితే అంత హడావిడిలో మళ్ళీ జత దొరకదు. కొసల దగ్గర కలిసి ఉన్నది అయితే, విడాకులు మంజూరు కాని జంటలా మళ్ళీ ఒక్కచోటికే వస్తుంది.

జెల్ మీద మొదటి గొట్టంలో డి.ఎన్.ఏ. మాయం. రెండోదాన్లో బ్యాండు చెక్కుచెదరలేదు. మూడోదాన్లో మాయం. నాలుగోది మళ్ళీ తన చోటుకే వచ్చి కూర్చుంది. శైలజ ఫొటో చూసి, "మేడమ్, ఎంజైము మస్తు ఆకలితో ఉన్నది," అంది.

విచారణ శనివారం కరస్పాండెంట్ గారి గదిలో జరిగింది. ఆయన, ప్రసాదరావు గారు, నేను కూర్చున్నాం. యాదగిరి తలుపు దగ్గర నిలబడ్డాడు. కరస్పాండెంట్ గారిది బట్టల వ్యాపారం. చదువు తక్కువ, అనుమానం ఎక్కువ. పరిశోధనకు ఈ రెండూ చెడ్డ అర్హతలు కావు. ఆయన ఫైలుకు చుట్టిన రబ్బరు బ్యాండు తీసి సాగదీసి చూపించాను. కొస ఎక్కడుందో వెతకమన్నాను. ఆయన నిజంగానే వెతికారు. తర్వాత కత్తెరతో మధ్యలో కోశాను. తెగిన బ్యాండు ఎగిరి ప్రసాదరావు గారి కళ్ళజోడుకు తగిలింది. నేను గురిపెట్టలేదు. అయినా మినిట్స్‌లో దాన్ని రాయలేదు.

"అంటే మందు మంచిదే," అన్నారు కరస్పాండెంట్ గారు.

"మంచిదేనండి."

"సరుకే నోరు మూసుకున్నది, గంతేనా?"

"గంతే. నేను నాలుగు గొట్టాలతోటి చెప్పింది మీరు ఒక్క ముక్కల చెప్పిన్రు."

"అది సరే అమ్మా. జర సీదా చెప్పు. యాదగిరి ఫ్రిజ్ బంద్ చేసిండా, చెయ్యలేదా?"

తలుపు దగ్గర యాదగిరి నేల చూస్తున్నాడు. చెయ్యలేదని ఒక్క మాట అంటే పని తేలికగా అయిపోయేది. కానీ నాలుగు గొట్టాల నిజం చెప్పి ఐదోది అబద్ధం చెబితే, మొదటి నాలుగింటినీ ఎవరు నమ్ముతారు?

"చేసిండు. రోజూ చేసిండు. పోయిన నెల మీరు ల్యాబు చూడనీకి వచ్చిననాడు రెండుసార్లు చేసిండు. మీరు రెండో కప్పు అడిగిన్రు."

కరస్పాండెంట్ గారు యాదగిరి వైపు తిరిగి, "ఆరోజు చాయ్ మంచిగుండె," అన్నారు. అది సాక్ష్యమో, అభినందనో తెలియలేదు.

ప్రసాదరావు గారు జెల్ ఫొటో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు తుడుచుకుని, మొదటి గొట్టం ఎదుట చాలాసేపు ఆగారు. వర్గీకరణ చేసే మనిషికి కళ్ళతో చూసిందాన్ని కాదనడం చేతకాదు.

"ఈ కంట్రోల్ మొదటిరోజే పెట్టాల్సిందండీ," అన్నారు.

"ఎవరు వద్దన్నరు సార్?"

"నేనే." ఆయన అక్కడే కూర్చుని ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నట్టు రాసి సంతకం పెట్టారు. అడగకుండానే, పర్మనెంట్ ఫైలులో సిఫార్సు కూడా రాశారు. అంతకుముందు రాసినంత గొప్ప తెలుగు కాదు. అర్థమయ్యే తెలుగు.

జనవరిలో యాదగిరి పర్మనెంట్ అయ్యాడు. హాట్‌ప్లేటును తీసేయించి, చాయ్ బయట హోటల్ నుంచి తెప్పించుకోవాలని ఆఫీసు ఆర్డరు వేసింది. సాకెట్ మాత్రం వేయలేదు. శైలజ డి.ఎన్.ఏ.ను ఊళ్ళోని ఒక పెద్ద పరిశోధనశాలకు పంపాం. కొసలు మూసి ఉన్న మాట నిజమేనని, అయితే ఇది బయటి దేశంలో ఎప్పుడో దొరికిన ఆ ఈ.కోలై వైరస్‌కు దగ్గరి చుట్టమని మర్యాదగా చెప్పారు. మేం కనిపెట్టింది కొత్తది కాదు. శైలజకు డిగ్రీ వచ్చింది, అది చాలు.

యాదగిరి బయటపడింది నిర్దోషి అని తేలినందువల్ల కాదు. మినిట్స్‌లో ఉన్న వాక్యం ఇది: జీవరసాయనము సజీవముగా నున్నందున అభియోగము నిలువదు. అంటే అతని ఉద్యోగం నిలబడింది ఒక బాక్టీరియా డి.ఎన్.ఏ. కొసలు మూసుకున్నందుకు. అదే ఏడో నంబరు మామూలు బాక్టీరియా అయి, ఎంజైము బెంగళూరు నుంచి వచ్చేదారిలోనే మంచు కరిగి పాడైపోయి ఉంటే, అతను నెలాఖరుకు బయట ఉండేవాడు. ఆ చాయ్ తాగినవాళ్ళం లోపల ఉండి సంతకాలు పెట్టేవాళ్ళం. దీన్ని న్యాయం జరగడం అని నేను ఎక్కడా చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

ల్యాబులో ఏదైనా పనిచేయకపోతే అందరి కళ్ళూ ముందు అందరికంటే తక్కువ జీతగాడి చేతుల మీదికి వెళతాయి. నా సర్వీసులో ఇది ఎన్నోసార్లు చూశాను. ఆ డిసెంబరు తర్వాత నేను ఇన్‌ఛార్జిగా ఉన్నన్నాళ్ళూ ఒకే నియమం పెట్టుకున్నాను. ఏది పాడైందన్నా ముందు కంట్రోల్ గొట్టం చూపించాలి, మనిషి పేరు ఆ తర్వాత చెప్పాలి. చాలామంది కంట్రోల్ పెట్టి వచ్చేవారు. పేరు చెప్పవలసిన అవసరం దాదాపు ఎవరికీ రాలేదు.